పాత లాన్ కార్డు: పింగ్ వెళ్తుంది, ఫైల్ కదలదు

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు జిరాక్స్ షాపుల్లో, నెట్ సెంటర్లలో రియల్‌టెక్ 8139 లాన్ కార్డులు (కంప్యూటర్‌ని కేబుల్‌తో నెట్‌వర్క్‌కి కలిపేవి) ఇంకా కనిపించొచ్చు. వాటితో వచ్చే ఇబ్బందులివి.

నెట్ అసలు రావట్లేదు

ముందు కార్డు వెనక లైటు చూడండి. సగం రోజు పెట్టి విండోస్ మళ్లీ వేసి, ఆఖరికి సీపీయూ వెనక్కి తిప్పితే క్లిప్పు విరిగిన జాక్ జారిపోయి కనిపిస్తుంది. కేబుల్ మార్చండి, స్విచ్‌లో (కేబుళ్లన్నీ కలిసే పెట్టె) పోర్టు మార్చండి. అప్పటికీ వెలగకపోతేనే కార్డును అనుమానించండి.

డ్రైవర్ పడట్లేదు

డ్రైవర్‌ని (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) డబ్బా మీది పేరుతో వెతక్కండి. డీ-లింక్ కార్డులో కూడా రియల్‌టెక్ చిప్ ఉండొచ్చు. డివైస్ మేనేజర్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూడండి: 10ఈసీ అంటే రియల్‌టెక్, 8086 అంటే ఇంటెల్. లినక్స్‌లో అయితే 8139 డ్రైవర్ కెర్నెల్‌తోనే (లినక్స్ మూల భాగం) వస్తుంది.

పింగ్ బాగుంది, పెద్ద ఫైల్ మాత్రం పాకుతోంది

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. పింగ్ అంటే అవతలి మెషీన్‌కి చిన్న ప్యాకెట్ పంపి జవాబు వస్తుందో లేదో చూడటం. "పింగ్ వస్తోంది కదా బాబూ, కార్డు బాగానే ఉంది" అంటారు. కార్డు నిజంగానే బాగుంటుంది. ఎప్పుడో ఎవరో డ్రైవర్ సెట్టింగుల్లో '100 ఫుల్ డూప్లెక్స్' (వేగం 100 ఎంబీపీఎస్, ఒకేసారి పంపుతూ అందుకోవడం) అని బిగించేసి ఉంటారు. అలా బిగించిన కార్డు సాధారణంగా స్విచ్‌తో బేరం (వేగం, డూప్లెక్స్ తమలో తాము కుదుర్చుకునే ఆటో నెగోషియేషన్) మానేస్తుంది. ఆటోలో ఉన్న స్విచ్‌కి వేగం 100 అని తెలుస్తుంది గానీ డూప్లెక్స్ తెలియదు, అందుకని హాఫ్‌కి (ఒకసారికి పంపడమో అందుకోవడమో ఒకటే) దిగిపోతుంది. ఇక కార్డు వినకుండా పంపుతూనే ఉంటుంది, స్విచ్ ఆ రద్దీని ఢీగా లెక్కేసి ప్యాకెట్లు వదిలేస్తుంది. పింగ్ చిన్నది, ఒక్కొక్కటిగా వెళ్తుంది కాబట్టి దాటిపోతుంది.

విండోస్ మళ్లీ వేస్తే ఆ సెట్టింగు చెరిగిపోయి నెట్ బాగవుతుంది. దాంతో 'వైరస్ పోయింది' అనుకుంటారు, అసలు కారణం ఎవరికీ తెలియదు.

అడాప్టర్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, స్పీడ్ అండ్ డూప్లెక్స్‌లోకి వెళ్లి ఆటో నెగోషియేషన్ పెట్టండి. లినక్స్‌లో ఈథ్‌టూల్ అనే కమాండ్ ఏ డూప్లెక్స్ కుదిరిందో చూపిస్తుంది. స్విచ్ వైపు కూడా చూడండి. అక్కడ బిగించి ఉంటే ఇక్కడ ఎన్నిసార్లు విండోస్ వేసినా లాభం లేదు. రెండు వైపులా ఆటో ఉండాలి, లేదా రెండు వైపులా ఒకేలా బిగించాలి. తర్వాత పింగ్‌తో సరిపెట్టకుండా ఒక పెద్ద ఫైల్ కాపీ చేసి చూడండి.

పిడుగుకి పోర్టు కాలొచ్చు, స్లాట్‌లో తుప్పు పట్టొచ్చు. కాలితే కార్డు మార్చడమే, తుప్పయితే స్లాట్ మార్చి చూడండి.