జాంగో: ఫోన్లో చెప్పగలిగినంత

మా అక్క కొడుకు తెనాలి దగ్గర వాళ్ళ ఊరి లైబ్రరీకి జాంగోతో ఒక వెబ్‌సైట్ చేస్తున్నాడు. జాంగో అంటే పైథాన్లో వెబ్‌సైట్లు కట్టుకోవడానికి వాడే ఫ్రేమ్‌వర్క్. రెండు వేల పుస్తకాలు, ఎవరు ఏది పట్టుకెళ్ళారు, ఎప్పటికి తిరిగివ్వాలి, అంతే. రాత్రి పదింటికి ఫోన్ చేసి "పిన్నీ, మళ్ళీ ఎర్రర్" అంటాడు. నేను ఫోన్ స్పీకర్లో పెట్టి, అంట్లు తోముతూ చెప్తుంటాను. వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. అందుకే కమాండ్లు నోటితో పలికినట్టు ఉంటాయి. కీబోర్డు మీద ఇంగ్లీషులోనే కొట్టుకోండి. పైథాన్ కాస్తో కూస్తో వచ్చనే అనుకుంటున్నాను. రాకపోతే ముందు అది ఒక నెల చూసుకుని రండి.

జాంగో 2003లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, లారెన్స్ అనే ఊళ్ళో ఒక దినపత్రిక ఆఫీసులో పుట్టింది. 2005లో దాన్ని అందరికీ ఇచ్చేశారు. పేపరాఫీసులో పొద్దున అడిగిన పేజీ సాయంత్రానికి కావాలి కదా, ఆ తొందర దీని ఒంట్లో ఇప్పటికీ ఉంది. పేరు జాంగో రైన్‌హార్ట్ అనే గిటారిస్టుది. స్పెల్లింగులో మొదటి డి పలకదు. పలకదు కదా అని ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వదిలేస్తే మాత్రం కుదరదు.

మొదలుపెట్టడం

ముందు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఈ ప్రాజెక్టు పైథాన్ సామానుకి విడిగా ఒక గది) చేసుకోండి, తర్వాత పిప్ ఇన్‌స్టాల్ జాంగో. వెర్షన్ సంగతికొస్తే, ఎల్‌టీఎస్, అంటే ఎక్కువకాలం అప్‌డేట్లు వచ్చేది, అని రాసున్నది పట్టుకోండి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 5.2 అలాంటిదే, దానికి మూడేళ్ళు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా, ఊరి లైబ్రరీకి ఎనిమిది నెలలకోసారి అప్‌గ్రేడ్ ఎవరు చేస్తారు?

తర్వాత జాంగో-అడ్మిన్ స్టార్ట్‌ప్రాజెక్ట్ లైబ్రరీ, స్పేస్, చుక్క. ఆ చివరి చుక్క మర్చిపోతే ఫోల్డర్లో ఫోల్డర్ తయారై, మేనేజ్ డాట్ పై అనే ఫైలు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆపైన పైథాన్ మేనేజ్ డాట్ పై స్టార్ట్‌యాప్ బుక్స్. యాప్ పేరు సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్డ్ యాప్స్ లిస్టులో చేర్చాలి. చేర్చకపోతే మీ డేటాబేస్ టేబుళ్ళ సంగతి జాంగోకి తెలియదు. రన్‌సర్వర్ కొడితే 8000 పోర్టులో సైట్ లేస్తుంది.

రిక్వెస్ట్ వచ్చాక ముందు యూఆర్ఎల్స్ ఫైల్లో దారి చూసుకుంటుంది, అక్కణ్ణించి వ్యూకి, అంటే జవాబు తయారుచేసే ఫంక్షన్‌కి వెళ్తుంది. వ్యూ మోడల్‌ని (డేటాబేస్ టేబుల్‌కి పైథాన్ రూపం) అడిగి డేటా తెచ్చి టెంప్లేట్ (పేజీ అచ్చు) చేతిలో పెడుతుంది. వేరే ఫ్రేమ్‌వర్కుల నుంచి వచ్చినవాళ్ళు కంట్రోలర్ ఏదని అడుగుతారు. ఇక్కడ వ్యూ అనేదే ఆ పని చేస్తుంది.

మోడల్స్: టైమంతా ఇక్కడ పెట్టండి

టేబుల్ ఎలా ఉండాలో మోడల్స్ ఫైల్లో ఒక్కసారి చెప్తే అడ్మిన్ పేజీలు (డేటా ఎక్కించడానికి, దిద్దడానికి జాంగో ఇచ్చేవి), ఫారాలు అన్నీ దాన్నించే తయారవుతాయి. ఇక్కడ తప్పు రాస్తే తప్పు అన్నిచోట్లకీ పాకుతుంది.

ఉదాహరణకి ఫారిన్ కీ, అంటే ఒక టేబుల్‌ని ఇంకోదానికి కలిపే లంకె. పుస్తకానికి రచయితను కలిపేటప్పుడు ఆన్ అండర్‌స్కోర్ డిలీట్, అంటే రచయితను తీసేస్తే పుస్తకాలు ఏమవ్వాలో, తప్పనిసరిగా ఇవ్వాలి. చాలామంది కాస్కేడ్ (అతనితోపాటు అవీ పోనీ) అని రాసేసి ముందుకెళ్తారు. మావాడూ అదే రాశాడు. వాళ్ళ లిస్టులో ఒకే రచయిత ఇంటిపేరుతో ఒకసారి, ఇంటిపేరు లేకుండా ఒకసారి ఎక్కాడు. రెండోది ఎందుకని అడ్మిన్‌లో డిలీట్ నొక్కాడు. వీటితోపాటు ఇవి కూడా పోతాయని అడ్మిన్ లిస్టు చూపించి మరీ అడిగింది. చదవకుండా ఎస్ అన్నాడు. పదకొండు పుస్తకాలు, వాటిని ఎవరు పట్టుకెళ్ళారన్న లెక్కలు అన్నీ పోయాయి. వాడు వాడేది ఎస్‌క్యూలైట్ కాబట్టి డేటాబేస్ అంతా ఒకటే ఫైలు. మూడు రోజుల నాటి కాపీ వాళ్ళమ్మ ల్యాప్‌టాప్‌లో ఉండబట్టి బతికాడు. కాస్కేడ్ బదులు ప్రొటెక్ట్ అని రాసుంటే, దీనికింద పుస్తకాలున్నాయి, తీయను పొమ్మనేది.

మోడల్ మార్చిన ప్రతిసారీ, ఆ మార్పు డేటాబేస్‌కి చేరడానికి రెండు కమాండ్లు. మేక్‌మైగ్రేషన్స్ అంటే మేస్త్రీకి చీటీ రాయడం, మైగ్రేట్ అంటే గోడ కట్టడం. చీటీ రాసి ఊరుకుంటే గోడ లేవదు, "నో సచ్ కాలమ్" అని ఎర్రర్ వస్తుంది. ఆ చీటీలు కోడ్‌తోపాటు గిట్‌లో (మార్పులన్నీ దాచిపెట్టే చోటు) పెట్టండి. సర్వర్ మీద మేక్‌మైగ్రేషన్స్ కొట్టకండి, అక్కడ మైగ్రేట్ ఒక్కటే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇది పట్టించుకోకుండా ఒక శుక్రవారం సాయంత్రం కాస్తా శనివారం పొద్దున చేశాను.

తేదీకి డిఫాల్ట్ ఇచ్చేటప్పుడు టైమ్‌జోన్ డాట్ లోకల్‌డేట్ అని రాసి ఆపండి, వెనక బ్రాకెట్లు వద్దు. బ్రాకెట్లు పెడితే సర్వర్ స్టార్టయిన రోజే అందరికీ తేదీగా పడుతుంది. సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ మొదట యూటీసీ అని ఉంటుంది. ఏషియా స్లాష్ కోల్‌కతా అని మార్చకపోతే తెల్లవారుజామున ఐదున్నరలోపు ఎక్కించినదానికి నిన్నటి తేదీ వస్తుంది.

తెలుగు పెడితే వచ్చే తంటాలు

ఇవి ట్యుటోరియల్స్‌లో కనిపించవు. మావాడు పుస్తకం పేరుతోనే లింకు రావాలన్నాడు. పేరుని లింకులో పట్టేలా మార్చడానికి స్లగిఫై అనే ఫంక్షన్ ఉంది. మామూలుగా వాడితే తెలుగు మొత్తాన్ని మింగేసి ఖాళీ ఇస్తుంది. అలౌ అండర్‌స్కోర్ యూనికోడ్ ట్రూ అంటే సరిపోతుందనుకున్నాం. "తెలుగు వంటలు" ఇస్తే "తలగ-వటల" అని వచ్చింది! పైథాన్ లెక్కలో గుణింతాలు, సున్నా అక్షరాలు కావు, అందుకని తీసి పారేస్తుంది. నవ్వి నవ్వి చివరికి లింకులో పుస్తకం నంబరు పెట్టాం. పేరే కావాలంటే ఇంగ్లీషు అక్షరాల్లో మీరే రాసి పెట్టుకోండి.

మోడల్‌లో పేర్లు పెట్టే క్యార్‌ఫీల్డ్‌కి మ్యాక్స్ లెంగ్త్ (ఎన్ని అక్షరాలు పట్టాలో) కూడా ధారాళంగా ఇవ్వండి. "స్త్రీ" కంటికి ఒక్కటే, కంప్యూటర్‌కి ఆరు. టెంప్లేట్‌లో పొడుగు పేర్లు కత్తిరించడానికి ట్రంకేట్‌క్యార్స్ వాడితే ఒత్తు మధ్యలో కోసేస్తుంది. ట్రంకేట్‌వర్డ్స్ వాడండి.

సెట్టింగ్స్‌లో లాంగ్వేజ్ కోడ్ టీ ఈ (తెలుగు) అని పెడితే అడ్మిన్ కొంత తెలుగులో, కొంత ఇంగ్లీషులో వస్తుంది. లైబ్రరీలో కూర్చునే మాస్టారుకి అది నచ్చలేదు, మళ్ళీ ఇంగ్లీషుకే మార్చమన్నారు.

మిగతావి గబగబా

అడ్మిన్‌లో పుస్తకం పేరు బదులు "బుక్ ఆబ్జెక్ట్ (1)" అని కనిపిస్తే మోడల్‌లో ఎస్‌టీఆర్ అనే ఫంక్షన్, ముందు రెండు వెనక రెండు అండర్‌స్కోర్లతో, రాయలేదని అర్థం.

ఫారం పంపితే 403 వచ్చిందా? ఫారం ట్యాగ్ లోపల సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ (ఫారం మన సైట్‌దేనని చూపే గుర్తు) పెట్టలేదు. 5.0 నుంచి లాగౌట్‌కి కూడా ఉత్త లింకు పనిచేయదు, పోస్ట్ పద్ధతిలో ఒక చిన్న ఫారం పెట్టాలి.

వంద పుస్తకాల పేజీ మెల్లగా వస్తోందంటే, పుస్తకాల కోసం ఒకసారి, ఒక్కో రచయిత పేరు కోసం ఒక్కోసారి, మొత్తం నూటొక్కసారి డేటాబేస్‌ దగ్గరికి వెళ్తోందేమో చూడండి. సెలెక్ట్ రిలేటెడ్ పెట్టి రచయితను అడిగితే ఒక్కసారిలో అయిపోతుంది. మెనీ టు మెనీ (ఒక పుస్తకానికి చాలామంది రచయితలు, ఒక రచయితకి చాలా పుస్తకాలు) అయితే ప్రీఫెచ్ రిలేటెడ్.

సర్వర్‌కి ఎక్కించేటప్పుడు సెట్టింగ్స్‌లో డీబగ్ (ఎర్రర్ వివరాలన్నీ బయటికి చూపించేది) ఫాల్స్ చేయాలి, సీక్రెట్ కీ కోడ్‌లోంచి తీసి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (కోడ్‌కి బయట, సర్వర్ దగ్గర ఉండే విలువ) పెట్టాలి. చెక్ అని కొట్టి పక్కన డ్యాష్ డ్యాష్ డిప్లాయ్ అంటే మిగతా లోపాలు అదే చెప్తుంది. డీబగ్ తీశాక 400 వస్తే అలౌడ్ హోస్ట్స్‌లో సైట్ పేరు లేదు.

మొన్న శనివారం రాత్రి ఎక్కించాం. "పిన్నీ, సైట్ వచ్చింది గానీ రంగులన్నీ పోయాయి, బోడిగా ఉంది" అన్నాడు. డీబగ్ తీసేస్తే రన్‌సర్వర్ సీఎస్ఎస్ ఫైళ్ళని ఇవ్వడం మానేస్తుంది. ఆ ఫైళ్ళన్నీ ఒకచోట చేర్చే కలెక్ట్‌స్టాటిక్ కొట్టి, వాటిని పంపించే వైట్‌నాయిజ్ అనే ప్యాకేజీ పెట్టుకోమన్నాను. పెట్టుకున్నాడు, రంగులొచ్చాయి. నాకింకా కుక్కర్ తోమడం మిగిలింది.