గేలానికి చిక్కిన థ్రెషర్ సొరను ప్రాణంతో వదలడం ఎలా

కాకినాడ రేవు నుంచి ట్యూనా కోసం లోతు సముద్రానికి వెళ్ళి గేలాల తాడు వేసేవారు ముందుగా ఈ సొరను పోల్చుకోవడం నేర్చుకోవాలి. ఇది మన మడ అడవుల పాయల్లోకి వచ్చేది కాదు. తోక పైరెక్క దాదాపు ఒంటి పొడవంత ఉండి, కొడవలిలా వంగి ఉంటే అది థ్రెషర్ సొరే. కళ్ళు పైకి చూసేంత పెద్దవై, తల మీద రెండువైపులా లోతైన గాడి ఉంటే పెద్దకన్ను జాతి. మిగిలిన రెండు జాతుల్లో, పొట్ట తెలుపు పక్కరెక్కల పైదాకా పాకితే సాధారణ జాతి, పాకకపోతే పెలాజిక్ జాతి.

ఈ సొర నోటికన్నా ముందు తోకతో వేటాడుతుంది. కవ్వల గుంపు మీద తోకను కొరడాలా విసిరి, స్పృహ తప్పిన చేపలను తింటుందని ఫిలిప్పీన్స్‌లోని పెస్కడార్ దీవి దగ్గర తీసిన చిత్రాలతో 2013లో వెల్లడైంది. ఎరను కూడా అలాగే కొడుతుంది కనుక గేలం తరచు తోకకే గుచ్చుకుంటుంది. ముందుకు ఈదుతూ మొప్పల్లోకి నీరు పోనిస్తేనే దానికి ఊపిరి ఆడుతుంది. తోక పట్టి వెనక్కి లాగేకొద్దీ అది ఉక్కిరిబిక్కిరవుతుంది.

అందుచేత తాడు బిగిసి, బరువు అడ్డంగా కొట్టుకుంటున్నట్టు చేతికి తెలియగానే లాగడం ఆపి, పడవనే దాని వైపు నెమ్మదిగా నడిపించి, తాడు వదులు చేయండి. పైకెత్తవద్దు, కొక్కెం గుచ్చవద్దు. తోక విసురుకు అందనంత దూరంలో నిలబడి, పొడవాటి కర్రకు కట్టిన కత్తితో గేలానికి వీలైనంత దగ్గరగా తాడు కోయండి, ఎందుకంటే మిగిలిన తాడు ఈదేటప్పుడు దానికి చుట్టుకుంటుంది. పెద్దకన్ను జాతి పగలు లోతున ఉండి రాత్రి పైకి వస్తుంది కాబట్టి, రాత్రి పైలోతులో వేసిన గేలాలను ఎక్కువసేపు వదిలేయకుండా తీస్తే సొర బతికి ఉండే అవకాశం పెరుగుతుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, పెద్దకన్ను ఆడసొర ఈడుకు రావడానికి సుమారు 12 ఏళ్ళు పడుతుంది, ఒక కాన్పుకు సాధారణంగా రెండే పిల్లలు. హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ తన జాబితాలోని ఓడలు ఈ మూడు జాతులనూ ఉంచుకోరాదని 2010లోనే నిషేధించింది. అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందపు రెండో అనుబంధంలోనూ 2016లో ఇవి చేరాయి. వదిలిన చోటు, లోతు, వేళ, జాతి లాగ్‌బుక్కులో అప్పుడే రాసుకోండి.