పెళ్లి వీడియో ఎడిటింగ్‌కి కూర్చునే ముందు జాగ్రత్తలు

కెమెరా మెమరీ కార్డు చేతికి రాగానే పక్కనున్న లాక్ మీట కిందికి జరపండి. మైక్రో కార్డుకి ఆ మీట ఉండదు, దాన్ని ముందు కాపీ చేయండి.

- వీడియో ఫైళ్లు మాత్రమే ఏరుకోకండి, ఫోల్డర్లతో సహా కార్డు మొత్తం దించండి. ఏవీసీహెచ్‌డీ లాంటి ఫార్మాట్లలో కెమెరా పొడవాటి షాట్‌ను ముక్కలుగా రాస్తుంది. ఫోల్డర్ అమరిక చెదిరితే అతుకు దగ్గర శబ్దం తెగుతుంది, అదీ సరిగ్గా మంగళసూత్రధారణ వేళకే!
- రెండు వేర్వేరు డ్రైవుల్లో రెండు కాపీలు. చెక్‌సమ్ (కాపీ అసలుతో అచ్చంగా ఒకటేనని తేల్చే కోడ్) సరిపోలాకే కార్డు ఫార్మాట్.
- కెమెరాకో ఫోల్డర్. రెండు కెమెరాల్లోనూ ఒకే పేరున్న ఫైళ్లు రావచ్చు, కలిపేస్తే ఒకదానిమీద ఒకటి పడతాయి.
- చుట్టాల ఫోన్ క్లిప్పుల్లో ఫ్రేమ్‌రేట్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు) నిలకడగా ఉండదు. వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో 'కాన్‌స్టంట్' పెట్టి మార్చకపోతే, పది నిమిషాలయ్యేసరికి పంతులుగారి పెదవులొకచోట, మంత్రమొకచోట.
- సెకనుకి 25 ఫ్రేములా, 50 ఆ? క్లిప్పులు వేయకముందే తేల్చుకోండి. డావిన్చీ రిజాల్వ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులున్న టైమ్‌లైన్‌కి ఫ్రేమ్‌రేట్ తర్వాత మార్చలేరు.
- ఎన్ని సవరణలు ఉచితమో, టైటిల్లో పేర్ల స్పెల్లింగ్ ఏమిటో పెళ్లివారితో వాట్సాప్‌లో రాయించుకోండి. ఫోన్లో చెప్పినవి లెక్కలోకి రావు.