నలభై ఐదు దాటాక కరాటే: ఏ నొప్పికి ఏ కారణం, ఏం చేయాలి

నలభై దాటినవారు డోజోలో (కరాటే నేర్పే చోట) ఏ బాధ చెప్పుకున్నా వచ్చే జవాబు ఒకటే: "వయసు కదండీ." మాస్టర్ అదే అంటారు, ఇంట్లోవాళ్లు అదే అంటారు, చివరికి మనమూ అదే అనుకుంటాం. వయసుతో కండ తగ్గుతుంది, దెబ్బ మానడానికి ఎక్కువ రోజులు పడుతుంది, నిజమే. కానీ రెండు మోకాళ్లకూ ఒకే వయసు ఉండగా ఎడమది ఒక్కటే ఎందుకు నొస్తోంది? ఈ ప్రశ్న వేసుకుంటే చాలా సమస్యలకు కారణం దొరుకుతుంది.

ఇక్కడ చెప్పేది షోటోకాన్ శైలి కరాటే చేసేవారిని దృష్టిలో పెట్టుకుని. గోజు, షిటో శైలులవారికి నిలబడే భంగిమల పేర్లు కొంచెం మారతాయి, మోకాళ్లు మారవు.

జెన్‌కుత్సు దాచిలో (ముందు కాలు వంచి, వెనుక కాలు చాచి నిలబడే భంగిమ) ముందు మోకాలు నొప్పి

ముందు నొప్పి ఏ రకమో తేల్చుకోవాలి. మోకాలిచిప్ప చుట్టూ, మెట్లు దిగేటప్పుడు, చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు వస్తే అది ఒక రకం. మోకాలి లోపలి వైపున వేలు పెట్టి చూపించగలిగేంత ఒకే చోట, పక్కకు తిరిగినప్పుడు పొడిచినట్టు వస్తే అది వేరే రకం.

మొదటి రకానికి అద్దం చాలు. జెన్‌కుత్సు దాచిలో నిలబడి చూడండి. మోకాలిచిప్ప కాలి రెండో వేలికి సూటిగా ఉండాలి. బొటనవేలిని దాటి లోపలికి ఒరుగుతోందంటే పిరుదు పక్క కండరాలు కాలును పట్టి ఉంచలేకపోతున్నాయన్నమాట. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగాల్లో ఇది చాలా మామూలు. పక్కకు పడుకుని పై కాలు ఎత్తడం, మోకాళ్లకు పైన రబ్బరు బ్యాండు వేసుకుని పక్క అడుగులు వేయడం, మెట్టు మీద నుంచి ఒంటికాలితో మెల్లగా కిందికి దిగడం, ఈ మూడూ వారానికి మూడు రోజులు చేయండి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు తేడా కనిపిస్తుంది. రెండు వారాలు చేసి "ఏమీ తగ్గలేదు" అని వదిలేసేవారే ఎక్కువ.

మోకాలు సూటిగానే ఉన్నా నొప్పి ఉంటే మరీ కిందికి దిగుతున్నారు. ఇక్కడ చాలామందికి పట్టుదల అడ్డొస్తుంది, పైకి లేచి నిలబడితే అది కరాటేనే కాదన్నట్టు. షోటోకాన్‌కు మూలపురుషుడైన గిచిన్ ఫునకోషి 1922లో ఒకినావా నుంచి టోక్యో వచ్చి కరాటే ప్రదర్శించేనాటికి ఆయనకు యాభై దాటాయి. ఆ దశకంలో తీసిన ఆయన ఫొటోలు చూడండి: అడుగు పొట్టిగా, నడుము ఎత్తుగా ఉంటాయి. ఇప్పుడు మనం చూసే పొడవాటి, లోతైన భంగిమలు ఆ తర్వాత విశ్వవిద్యాలయాల కుర్రాళ్ల సాధనలో, ఆయన కొడుకు యోషితకా ప్రభావంతో స్థిరపడ్డాయి. ఇరవై ఏళ్ల తొడల కోసం తయారైన లోతును యాభై ఏళ్ల మోకాలి మీద రుద్ది, నొప్పి వస్తే వయసును తిట్టడం అన్యాయం. నొప్పి లేని ఎత్తు ఎక్కడుందో చూసుకుని, ఆ ఎత్తులోనే వెనుక కాలు, నడుము సరిగ్గా పని చేస్తున్నాయో లేదో చూడండి.

రెండో రకం, అంటే తిరిగినప్పుడు పొడిచే నొప్పికి కారణం తరచుగా కింద పరిచిన చాపలో ఉంటుంది. ముక్కలు ముక్కలుగా కలిపే రబ్బరులాంటి చాపలు చెమట పాదాన్ని అంటిపెట్టుకుంటాయి. మవాషి గేరిలో (పక్క నుంచి తిప్పి తన్నే తన్ను) నడుము తిరుగుతుంది, పాదం తిరగదు, మధ్యలో మెలిపడేది మోకాలు. కాలు లేపే ముందే నిలబడే పాదాన్ని మడమ ముందుకు వచ్చేలా తిప్పండి. కటాలో (ఒంటరిగా చేసే కదలికల వరుస) మలుపులు తిరిగేటప్పుడు ఆ పాదం మీద బరువు తగ్గించాకే తిప్పండి. మోకాలు మధ్యలో ఇరుక్కుపోయినట్టు అనిపించినా, మర్నాటికి నీరు చేరినట్టు ఉబ్బినా సాధన ఆపి ఎముకల డాక్టరుకు చూపించాలి, తైలం రాసుకుని చూద్దామని వాయిదా వేయకూడదు.

సెయిజాలో (మోకాళ్లు మడిచి మడమల మీద) కూర్చోలేకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు. అది మన వజ్రాసనమే. మాస్టర్‌కు ముందే చెప్పి బాసింపట్టు వేసుకుని కూర్చోండి. అభ్యంతరం చెప్పే మాస్టర్ అయితే ఆయన గురించి మీకు ఒక విషయం తెలిసినట్టే.

పొద్దున్నే మంచం దిగగానే మడమ వెనుక పట్టేస్తోంది

మడమ వెనుక ఉండే లావాటి టెండన్ (కండను ఎముకకు కట్టే తాడులాంటిది) ఇది. కండరం కొన్ని వారాల్లో బలపడుతుంది, టెండన్‌కు నెలలు పడుతుంది. అయిదేళ్లు మానేసి మళ్లీ మొదలుపెట్టినవారు మొదటి నెలలోనే కుమితే (ఎదురెదురుగా తలపడే సాధన) గెంతులు మొదలుపెడితే దెబ్బ పడేది ఇక్కడే. ఫంక్షన్ హాల్ గ్రానైట్ మీద చెప్పులు లేకుండా గెంతేవారికి ఇంకా తొందరగా.

బాగా పరీక్షించి నిలబెట్టిన చికిత్స ఒకటుంది. మెట్టు అంచున పాదాల ముందు భాగం ఆనించి, రెండు కాళ్లతో పైకి లేచి, నొప్పి ఉన్న ఒక్క కాలితో మెల్లగా మడమను కిందికి దించాలి. మోకాలు నిటారుగా ఉంచి 15 చొప్పున మూడుసార్లు, కొంచెం వంచి మళ్లీ 15 చొప్పున మూడుసార్లు. రోజుకు రెండు పూటలా, 12 వారాలు. చేసేటప్పుడు ఓర్చుకోగలిగినంత నొప్పి ఉంటే ఫరవాలేదు, మర్నాడు పెరిగితే మాత్రం తగ్గించాలి. ఈ మూడు నెలలూ కటా, చేతి పని చేసుకోవచ్చు. గెంతులు వద్దు.

ఎవరూ చెప్పని కారణం ఇంకొకటి: సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ జాతి యాంటీబయాటిక్స్. మందుల షాపులో అడిగి కొనుక్కుని మింగేస్తుంటాం. ఇవి టెండన్‌ను బలహీనపరచగలవు, అరవై దాటినవారిలో, స్టెరాయిడ్లు వాడేవారిలో ప్రమాదం ఇంకా ఎక్కువ. ఈ మందు వాడాక కొత్తగా మడమ వెనుక నొప్పి మొదలైతే గెంతడం ఆపి, డాక్టరుకు ఆ మందు పేరు చెప్పండి.

సాధనలో వెనుక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించి, తిరిగి చూస్తే ఎవరూ లేకపోతే టెండన్ తెగిందని అనుమానించాలి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మోచేయి లోపల సలుపు

గాలిలో గుద్దులు. చెయ్యి పూర్తిగా చాచి ఎముకకు ఎముక కొట్టుకునేలా ఆపుతున్నారు. పూర్తిగా నిటారు కావడానికి అంగుళం ముందే ఆపి, బలంగా గుద్దాలనిపిస్తే బ్యాగు మీద గుద్దండి.

ఎప్పుడూ అలసట, దెబ్బలు మానడం లేదు

వారంలో ఎన్ని రోజులు గట్టిగా చేస్తున్నారో లెక్కపెట్టుకోండి. కుమితే, గెంతులు, బరువులు అన్నీ గట్టి పనిలోకే వస్తాయి. రెండు గట్టి రోజుల మధ్య 48 గంటలు ఇవ్వండి, మధ్యలో కటా, నడక పెట్టుకోండి. ఆ తర్వాత పళ్లెం చూడండి. సాధన చేసే పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 1.2 గ్రాముల మాంసకృత్తులు అవసరం, అంటే 65 కిలోలవారికి దాదాపు 78 గ్రాములు. మూడు ఇడ్లీల్లో ఉండేది సుమారు 6 గ్రాములు. రెండు గుడ్లలో 12, కప్పు ఉడికిన పప్పులో 8 లేదా 9. ఉదయం ఇడ్లీ, మధ్యాహ్నం చారన్నం, రాత్రి చపాతీతో గడిపేవారు సగానికి కూడా చేరరు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా పెంచకూడదు.

జ్వరం వచ్చి తగ్గాక మణికట్లు, చీలమండలు, వేళ్లు రెండు వైపులా పొద్దున పూట బిగుసుకుంటుంటే కరాటేను నిందించకండి. చికున్‌గున్యా కీళ్ల నొప్పులు నెలల తరబడి ఉండిపోగలవు. పుష్‌అప్స్ ఆపి, వాపు తగ్గకపోతే కీళ్ల వైద్యుడిని కలవండి.

కుమితేలో రెండో నిమిషానికే ఊపిరి అందడం లేదు

ముందు ఒక వడపోత. ఆయాసంతోపాటు ఛాతీ బరువు, దవడ లేదా ఎడమ చెయ్యి లాగడం, కళ్లు తిరగడం, చల్లటి చెమట, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది ఫిట్‌నెస్ సమస్య కాదు. అక్కడితో ఆపి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. దక్షిణాసియావారికి తొలి గుండెపోటు మిగతా ప్రపంచంకంటే అయిదారేళ్లు ముందుగా వస్తోంది. కాబట్టి ఇలాంటి లక్షణాలేవీ లేకపోయినా, నలభై దాటాక కుమితేకు దిగాలనుకునేవారు, ముఖ్యంగా బీపీ, షుగరు ఉన్నవారు, ముందు డాక్టరును కలిసి అవసరమైతే టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) చేయించుకోవాలి.

షుగరుకు ఇన్సులిన్ లేదా గ్లిమిపిరైడ్ రకం మాత్రలు వాడుతూ పొద్దున్నే ఖాళీ కడుపుతో క్లాసుకు వెళ్తే వచ్చే వణుకు, నీరసం ఆయాసం కాదు, చక్కెర పడిపోవడం. వెళ్లే ముందు అరటిపండు తినండి, సంచిలో గ్లూకోజు ఉంచుకోండి. పాదాల్లో స్పర్శ తగ్గినవారు క్లాసు అయ్యాక అరికాళ్లు చూసుకోవాలి, గాజుపెంకు దిగినా తెలియకపోవచ్చు.

ఇవేవీ కాకపోతే అప్పుడు సాధన సంగతి. చాలామందిది ఊపిరితిత్తుల లోపం కాదు, ఊపిరి బిగబట్టడం. ఎదుటివాడు కదలగానే భుజాలు చెవుల దాకా లేస్తాయి, శ్వాస ఆగిపోతుంది. గుద్దిన ప్రతిసారీ గాలి బయటికి వదలడం, వెనక్కి జరిగిన ప్రతిసారీ భుజాలు దించడం అలవాటయ్యేదాకా తేలిక కుమితేనే చేయాలి. దీనికి తోడు వారానికి ఒకరోజు, 30 సెకన్లు పూర్తి వేగంతో, 90 సెకన్లు మెల్లగా, ఆరు విడతలతో మొదలుపెట్టండి. పెద్దల కుమితే బౌట్ మూడు నిమిషాలు. అయిదు కిలోమీటర్ల ఉదయపు నడక మంచిదే కానీ ఆ మూడు నిమిషాలకు అది సరిపోదు.

దెబ్బ వస్తున్నట్టు కనిపిస్తుంది, చెయ్యి లేవదు

వేగం కొంత తగ్గుతుంది, కాదనలేం. కానీ అంతకంటే పెద్ద కారణాలు మూడున్నాయి.

ఒకటి కళ్లు. కళ్లద్దాలు తీసేసి కుమితే చేస్తుంటారు, ప్రపంచ కరాటే సమాఖ్య (డబ్ల్యూకేఎఫ్) నిబంధనలు కూడా అద్దాలను ఒప్పుకోవు, మెత్తటి కాంటాక్ట్ లెన్సులకు మాత్రం అనుమతి ఉంది. అద్దాలు లేకుండా రెండు మీటర్ల దూరంలో ఎదుటివాడి భుజం మసకగా ఉంటే చెయ్యి ఆలస్యంగా లేవడంలో వింత ఏముంది? అద్దాలతోనూ మసకగా ఉంటే శుక్లం ఉందేమో చూపించుకోండి.

రెండు, దూరం. కుర్రాళ్లు నిలబడే దూరంలోనే మీరూ నిలబడుతున్నారు. ఒక అరడుగు వెనక నిలబడితే ఎదుటివాడు అడుగు వేయక తప్పదు. ఆ అడుగే మీకు కబురు. పిడికిలిని చూడొద్దు, ఛాతీ పైభాగం చూస్తే ముందు మోకాలు, భుజం రెండూ కంటిలోకి వస్తాయి.

మూడు, మనసులో మరీ ఎక్కువ జవాబులు. ఎదుటివాడు కిజామి జుకి (ముందు చేతి గుద్దు) వేస్తే ఇది, మే గేరి (ముందుకు తన్నే తన్ను) వేస్తే అది, అని పది జవాబులు దాచుకుంటే ఏరుకోవడంలోనే సమయం పోతుంది. ఒకే ఒక్క జవాబు పెట్టుకోండి: పక్కకు తప్పుకుని గ్యాకు జుకి (వెనుక చేతి గుద్దు). జోడీని ముందు ఒకే దాడి చేయమనండి, రెండు వారాల తర్వాత రెండు దాడుల్లో ఏదో ఒకటి, ఆ తర్వాత మూడు. డబ్ల్యూకేఎఫ్ లెక్కలో చేతిదెబ్బకు 1, పొట్ట, ఛాతీ, వీపు భాగానికి కాలిదెబ్బకు 2, తలకు కాలిదెబ్బకు 3 పాయింట్లు. మూడు పాయింట్ల ఆశతో యాభైలో తల ఎత్తుకు కాలు విసిరి తొడ వెనుక కండరం చించుకున్నవారికంటే, ఒక్కొక్క పాయింటు కూడబెట్టుకున్నవారే ఎక్కువ బౌట్లు గెలుస్తారు.

కుర్రాళ్లు నాతో కుమితేకు రావడం లేదు

"అంకుల్, మీరు రెస్ట్ తీసుకోండి" అంటారు. గౌరవమని మురిసిపోకండి. రెండు కారణాల్లో ఒకటి అయ్యుంటుంది. మీకేమైనా అవుతుందని వాళ్ల భయం, లేదా భయంతో మీరే వాళ్లను గట్టిగా కొడుతున్నారు. రెండోదే ఎక్కువ. పెద్దవారికి తమ చెయ్యి బరువు తమకే తెలియదు. మొదలుపెట్టే ముందు "సగం బలం, ముఖానికి తాకకుండా" అని మాట అనుకోండి, ఆ మాట మీరు ముందు నిలబెట్టుకోండి.

తలకు దెబ్బ తగిలితే ఆ రోజుకు కుమితే ముగిసింది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలచబరిచే మందులు వాడేవారు తల తగిలే సాధన అసలు చేయకూడదు. పెద్దవారిలో పుర్రె లోపల రక్తం మెల్లగా చేరి వారాల తర్వాత బయటపడవచ్చు. తలనొప్పి, మగత, నడకలో తూలుడు, మాట తడబాటు కనిపిస్తే, దెబ్బ చిన్నదే అయినా సీటీ స్కాన్ తీయించాలి.

పోటీ రోజు పిలిచేసరికి ఒళ్లు బిగుసుకుపోయింది

ఉదయం తొమ్మిదికి రమ్మంటారు. పిల్లల విభాగాలు అయ్యేసరికి మధ్యాహ్నం మూడు. అప్పటిదాకా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మైకులో పేరు వినగానే పరుగున వెళ్లి మొదటి గెంతులోనే పిక్క పట్టేసినవారు ప్రతి పోటీలోనూ ఒకరు కనిపిస్తారు. పొద్దున తొమ్మిదికి చేసిన వార్మప్ మూడింటికి పని చేయదు. మీ విభాగానికి ఎన్ని బౌట్లు ముందున్నాయో టేబుల్ దగ్గర అడిగి తెలుసుకుని, పది మిగిలాయనగా మొదలుపెట్టండి: చెమట పట్టేదాకా నడక, కాళ్లు ఊపడం, మెల్లని గెంతులు, చివరగా రెండు మూడు పూర్తి వేగపు గ్యాకు జుకిలు. కూర్చునేటప్పుడు బూట్లు, స్వెటర్ వేసుకోండి. బిర్యానీ పొట్లాలు పంచుతారు, బౌట్ అయ్యేదాకా ముట్టొద్దు. అరటిపండు, రెండు ఇడ్లీలు, ఓఆర్ఎస్ చాలు. బరువు విభాగం కోసం నీళ్లు మానేసి కిలోలు దించే పని కుర్రాళ్లకే మంచిది కాదు, బీపీ మాత్రలు వేసుకునేవారికి ప్రమాదం.

ఎంట్రీ కట్టే ముందే ఇంకో ప్రశ్న అడగాలి: వెటరన్ (పెద్ద వయసువారి) విభాగంలో మనుషులు చాలకపోతే ఏం చేస్తారు? పద్దెనిమిది దాటినవారందరితో కలిపేస్తారంటే కుమితే ఎంట్రీ వద్దు, కటాకు కట్టండి.

కటాలో మార్కులు పడటం లేదు

ఎంచుకున్న కటాలో గెంతు ఉందా? ఉన్సులో గాలిలో చుట్టూ తిరిగి చేతుల మీద పడాలి, ఎంపీ అనే కటాలోనూ గెంతు ఉంది. గెంతు సగంలో తేలిపోతే జడ్జీలకు ఆ తర్వాతిదంతా బలహీనంగానే కనిపిస్తుంది. బస్సాయి దాయి, హంగెత్సు, నిజుషిహోలలో ఇలా గాలిలోకి ఎగిరే గెంతులు లేవు. హంగెత్సు సగం దాకా నెమ్మదిగా, ఊపిరితో సాగుతుంది, తొందర లేనివారి చేతిలో నిండుగా ఉంటుంది. దాన్నే ఏడాది పాటు చేయండి, ఫోనులో పక్క నుంచి వీడియో తీసి వెన్ను ఎక్కడ ముందుకు వాలుతోందో చూసుకోండి. తల మొదటి అడుగులో ఉన్న ఎత్తులోనే చివరి దాకా ఉందంటే ఆ సమస్య తీరినట్టే.