కాథలిక్ ప్రైమరీ స్కూల్లో క్లాసు అలవాట్లు ఎలా నేర్పాలి?

కొత్తగా ప్రైమరీ క్లాసు చేతికొచ్చిన టీచర్లు చాలామంది మొదట చేసే పని, చార్టు కొనుక్కొచ్చి స్కెచ్ పెన్నులతో పది రూల్సు రాసి గోడకు అంటించడం. వారం తిరిగేసరికి ఫ్యాను గాలికి ఆ చార్టు ఒక మూల ఊడి వేలాడుతుంటుంది. పిల్లలు యథాప్రకారం అరుస్తూనే ఉంటారు. ఈ వయసు పిల్లలకు రూలు చెబితే అర్థమవుతుంది గానీ అలవాటు కాదు. ఎక్కాలు ఎలా వల్లె వేయిస్తామో, లైన్లో నిలబడటమూ అలాగే వల్లె వేయించాలి. జూన్‌లో మొదటి రెండు వారాలు పాఠాలు కాస్త వెనకబడ్డా టెన్షన్ పడకండి. ఈ పనికి ఇచ్చిన టైము తర్వాత తిరిగొస్తుంది.

తిరుపతి, చిత్తూరు వైపు ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్ మిషన్) స్కూళ్లలో, కాన్వెంట్లలో పనిచేసేవాళ్లకు ఇంకో సంగతి ఉంటుంది. స్కూలు కాథలిక్కులది, క్లాసులో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది మాత్రం హిందువుల పిల్లలు, కొందరు ముస్లింల పిల్లలు. కొన్ని ఇళ్లలో తెలుగు, కొన్నింట్లో అరవం, కొన్నింట్లో ఉర్దూ. అందరికీ సరిపోయే అలవాట్లు వేయాలంటే ముందే కొంత ఆలోచించుకోవాలి.

బడి తెరవకముందు

రూల్సు మూడు చాలు. నాలుగు దాటితే మీకే గుర్తుండవు. ఎక్కడి నుంచో వెతుక్కోనక్కర్లేదు, పిల్లలు రోజూ అసెంబ్లీలో చెప్పే ప్రతిజ్ఞలోనే ఉన్నాయి. నల్గొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖలో ఉద్యోగం చేస్తూ తెలుగులో రాసిన ప్రతిజ్ఞ అది. అందులో "ప్రతివారితోను మర్యాదగా నడచుకొంటాను" అన్న ఒక్క వాక్యం మీద వారం రోజులు పనిచేయించవచ్చు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లం వింటాం. పక్కవాళ్ల వస్తువు అడిగి తీసుకుంటాం. మన చోటు మనమే శుభ్రం చేసుకుంటాం. మూడూ ఆ వాక్యంలోంచి వచ్చినవే. ఏ మతం పిల్లవాడైనా ఇవి తనవే అనుకుంటాడు.

"అరవకూడదు, పరిగెత్తకూడదు, కొట్టకూడదు" అని రాయకండి. ఏం చేయకూడదో చెబితే ఏం చేయాలో పిల్లవాడికి తెలియదు.

ఇక గది సంగతి. బ్యాగు ఎక్కడ, నీళ్ల సీసా ఎక్కడ, క్యారియర్ ఎక్కడ, మెండర్‌తో పెన్సిలు చెక్కిన పొట్టు ఎక్కడ పడాలి, ఇవన్నీ మీరు ముందే తేల్చుకోవాలి. చిన్నవిగా కనిపిస్తాయి గానీ రోజంతా వినిపించే "మిస్, వీడు నా సీసా తన్నాడు" ఫిర్యాదుల్లో సగం ఇక్కడే పుడతాయి.

గుమ్మం దగ్గర

పొద్దున పిల్లలు లోపలికి వచ్చేటప్పుడు మీరు కుర్చీలో ఉండకండి, గుమ్మంలో ఉండండి. ఒక్కొక్కరికీ పేరు పెట్టి నమస్కారమో గుడ్ మార్నింగో చెప్పండి. పేరు పెట్టి పిలవడం ముఖ్యం, "రారా, తొందరగా" అనడం కాదు. లోపలికి వచ్చిన పిల్లవాడు నాలుగు పనులు ఒకే వరుసలో చేయాలి: బ్యాగు హుక్కుకు, సీసా కిటికీ దగ్గరికి, డైరీ మీ బల్ల మీదకి, తర్వాత బోర్డు మీద రాసిన చిన్న పని. ఆ బోర్డు పని తప్పకుండా ఉండాలి. అయిదు కూడికలైనా సరే, రెండు వాక్యాల చూచిరాత అయినా సరే. ఖాళీగా కూర్చున్న పిల్లవాడే వెనక్కి తిరిగి జడ లాగుతాడు.

మొదటి వారం దీన్ని నాటకంలా చేయించండి. అందర్నీ వరండాలోకి పంపి మళ్లీ లోపలికి రమ్మనండి. ఎవరైనా బ్యాగు కింద పడేసి పరిగెడితే తిట్టకుండా "మళ్లీ వద్దాం" అని అదే పిల్లవాణ్ణి గుమ్మం దాకా పంపండి. చెప్పే మాటలు రోజూ ఒకటే ఉండాలి, ఒక సైగ కూడా తోడుండాలి. ఇంట్లో అరవం మాట్లాడే పిల్లవాడికి మీ వాక్యం సగమే అందినా మీ చెయ్యి చూపించింది పూర్తిగా అందుతుంది.

ప్రార్థన

ఇక్కడే కొత్త టీచర్లు ఎక్కువ తడబడతారు. కొందరు ప్రార్థనను గబగబా వల్లింపుగా ముగిస్తారు, కొందరు అందరి చేతా బలవంతంగా చెప్పిస్తారు. రెండూ వద్దు.

మొదట చట్టం తెలుసుకోండి. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు స్కూళ్లు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. 28వ అధికరణం మూడో క్లాజు ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న లేదా ప్రభుత్వ నిధులు అందే సంస్థలో చదివే మైనర్‌ను సంరక్షకుల అనుమతి లేకుండా మతబోధలోగానీ ఆరాధనలోగానీ పాల్గొనమని ఒత్తిడి చేయకూడదు. రెండూ కలిపి చదువుకోవాలి. భారత కాథలిక్ పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య కూడా 2024లో తమ స్కూళ్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇతర మతాల పిల్లల మీద క్రైస్తవ ఆచారాలు రుద్దవద్దని, అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించాలని చెప్పింది. కాబట్టి ఇది మన మంచితనం కొద్దీ ఇచ్చే వెసులుబాటు కాదు.

క్లాసులో చేయవలసింది ఇలా. అందరూ లేచి నిలబడతారు. పది అంకెలు మనసులో లెక్కపెట్టుకునేంత సేపు మౌనం. తర్వాత కాథలిక్ పిల్లలు సిలువ గుర్తు వేసుకుని పరలోక ప్రార్థనో, మరియమాతను తలచుకునే మంగళవార్త జపమో చెబుతారు. మిగతావాళ్లు కదలకుండా నిలబడితే చాలు. చేతులు జోడించాలా, కళ్లు మూసుకోవాలా అన్నది వాళ్ల ఇష్టం. పక్కవాణ్ణి చూసి హిందువుల పిల్లవాడు కూడా సిలువ గుర్తు వేసుకుంటే మందలించక్కర్లేదు, మెచ్చుకోనూ అక్కర్లేదు.

ఆ తర్వాత ఒక నిమిషం: "ఈ రోజు ఎవర్ని తలచుకుందాం?" ఇందులో అందరికీ చోటుంటుంది. "మా అవ్వకు జొరం మిస్." "మా నాన్న ఊరికి పోయినాడు." "మా కుక్కపిల్ల తప్పిపోయింది." కుక్కపిల్ల అనగానే వెనక బెంచీ నుంచి కిసుక్కుమని నవ్వు వస్తుంది. ఆ నవ్వును అక్కడే ఆపి, తప్పిపోయిన కుక్కపిల్ల కోసం కూడా క్లాసంతా ఒక క్షణం మౌనంగా నిలబడేలా చేయండి. మర్యాద అంటే ఏమిటో చార్టు కంటే అది బాగా చెబుతుంది. రోజుకు ముగ్గురికే అవకాశం ఇవ్వండి, లేదంటే మొదటి పీరియడ్ పోతుంది.

కొన్ని స్కూళ్లలో మధ్యాహ్నం పన్నెండింటికి త్రికాల జపం (రోజుకు మూడు వేళల్లో చెప్పే మరియమాత ప్రార్థన) గంట కొడతారు. ఎక్కడున్నవాళ్లు అక్కడ ఆగాలి. పెన్సిలు కింద పెట్టడం, నోట్సు మూయకుండా వదిలేయడం, మళ్లీ గంట కాగానే అదే వాక్యం నుంచి రాయడం, ఇది కూడా జూన్‌లోనే సాధన చేయించాలి.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. అల్లరి ఆపడానికి ప్రార్థన వాడకండి. గోల ఎక్కువైనప్పుడు "లేవండి, పరలోక ప్రార్థన చెప్పండి" అంటే పిల్లల మనసులో అది శిక్ష కింద జమ అవుతుంది. గొడవకు వేరే మందు ఉంది, ప్రార్థనకు ప్రార్థన వేళ ఉంది.

నిశ్శబ్దానికి ఒక సైగ

కాథలిక్కులు ఉపాధ్యాయుల పాలక పునీతుడిగా (తమకు అండగా ఉండే సెయింట్‌గా) భావించేది జాన్ బాప్తిస్త్ ద లసాల్‌ను. 1651లో ఫ్రాన్సులో పుట్టాడు. పేదపిల్లల బళ్ల కోసం ఆయన తయారుచేసిన టీచర్లు క్లాసులో వీలైనంత తక్కువ మాట్లాడేవారు. లేవడానికి, చదవడం ఆపడానికి, తప్పు దిద్దడానికి సైగలు ఉండేవి. మూడు వందల ఏళ్ల కిందటి పద్ధతే అయినా నలభై మంది ఉన్న గదిలో ఇంతకంటే మంచిది నాకు కనిపించలేదు.

మీ సైగ ఒకటే ఉండాలి. చెయ్యి పైకెత్తి నిలబడండి. చూసిన పిల్లవాడు తనూ చెయ్యెత్తి నోరు మూసుకుంటాడు, వాణ్ణి చూసి పక్కవాడు. అందరి చేతులూ లేచేదాకా మీరు మాట్లాడకూడదు. మధ్యలో "ఏయ్, సైలెన్స్" అని అరిచారంటే సైగ చచ్చిపోయినట్టే. బల్ల మీద డస్టర్ కొట్టడం కూడా అంతే, దుమ్ము తప్ప ఏమీ రాదు.

ఒంటికి, నీళ్లు, క్యారియర్

"మిస్, ఒంటికి" అని ఒకడు లేస్తే వెంట ఆరుగురు లేస్తారు. తలుపు పక్కన మేకుకు రెండు చెక్క బిళ్లలు వేలాడదీయండి, అబ్బాయిలకు ఒకటి, అమ్మాయిలకు ఒకటి. బిళ్ల మేకుకు ఉంటే అడగకుండానే తీసుకుని వెళ్లొచ్చు, లేకపోతే ఆగాలి. అర్జెంటయితే ఎప్పుడైనా సరే, ఆపకండి. నీళ్లు తాగడానికి పీరియడ్ మారేటప్పుడు ఒక నిమిషం ఇస్తే పాఠం మధ్యలో సీసా మూతల చప్పుడు తగ్గుతుంది.

క్యారియర్ దగ్గర ఒకే రూలు: పక్కవాళ్ల డబ్బాలో ఏముందో దాని మీద కామెంట్ చేయకూడదు. తిరుపతిలో ఇది మరీ అవసరం. ఒకరి డబ్బాలో చిత్రాన్నం, ఇంకొకరి డబ్బాలో కోడిగుడ్డు. "ఛీ" అన్న ఒక్క మాటతో పిల్లవాడు మర్నాటి నుంచి డబ్బా తెరవడం మానేస్తాడు. తపస్సుకాలం (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలం) శుక్రవారాల్లో కాథలిక్ పిల్లవాడు మాంసం తినడు, శనివారం పక్కన కూర్చున్న హిందువుల పిల్లవాడు తినడు. ఎందుకో వాళ్లనే ఒకరికొకరు చెప్పుకోనివ్వండి, మనకంటే బాగా చెబుతారు.

కొండ, మాల, గుండు

ఈ ఊళ్లో బడి నడిపేవాళ్లకు తప్పనివి ఇవి. ఒక సోమవారం ఎవరో ఒకరు కొండకు పోయి గుండుతో వస్తారు. క్లాసంతా వాడి నెత్తి నిమరడానికి ఎగబడుతుంది. అడగకుండా ఎవర్నీ ముట్టుకోకూడదన్న అలవాటు అప్పటికే ఉంటే ఆ రోజు గొడవ లేకుండా గడుస్తుంది. కార్తీక మాసంలో కొందరు పిల్లలు అయ్యప్ప మాల వేసుకుని నల్ల బట్టలతో, చెప్పుల్లేకుండా వస్తారు. యూనిఫాం సంగతి హెచ్‌ఎం సిస్టర్‌తో లేదా ఫాదర్‌తో అక్టోబరులోనే మాట్లాడి ఒక నిర్ణయం రాయించి పెట్టుకోండి. పిల్లవాణ్ణి గేటు దగ్గర ఆపి ఇంటికి పంపడం, లోపల గోడ మీద "అందర్నీ గౌరవిద్దాం" అని రాసుకోవడం, రెండూ ఒకే బడిలో ఉండకూడదు.

సత్యోపదేశం (కాథలిక్ మతబోధ) పీరియడ్‌లో కాథలిక్ పిల్లలు వేరే గదికి వెళతారు, మిగతావాళ్లకు నీతిబోధ. "కాథలిక్స్ లేవండి" అని పిలవకండి. టైంటేబుల్లో రెండు గదుల పేర్లు రాసి ఉంటే గంట కాగానే ఎవరి గదికి వాళ్లే వెళతారు.

తప్పు చేసినప్పుడు

కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. అయినా "మోకాళ్ల మీద నిలబెట్టడం కొట్టడం కాదు కదా" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది కూడా శిక్షే. పైగా కాథలిక్ స్కూల్లో ఇంకో చిక్కుంది. చర్చిలో దివ్యపూజ (మాస్) వేళ పిల్లవాడు భక్తితో మోకరిస్తాడు. అదే భంగిమను క్లాసులో అవమానంగా మార్చితే వాడికి రెంటికీ తేడా ఎలా తెలుస్తుంది?

పిల్లవాణ్ణి పక్కకు పిలిచి మెల్లగా మూడు ప్రశ్నలు అడగండి. ఏం జరిగింది? ఎవరికి బాధ కలిగింది? ఎలా సరిచేద్దాం? చింపిన పుస్తకానికి అట్ట వేసివ్వాలి, ఒలకబోసిన నీళ్లు తుడవాలి, వెక్కిరించిన పిల్లతో మాట్లాడాలి. అందరి ముందూ "సారీ చెప్పు" అని నిలదీయొద్దు, నోరే చెబుతుంది, మనసు చెప్పదు. మూడు, నాలుగు తరగతుల్లో మొదటి దివ్యసత్ప్రసాదానికి (ఫస్ట్ కమ్యూనియన్‌కు) తయారయ్యే పిల్లలకు పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం) గురించి ఎలాగూ నేర్పుతారు. తప్పు ఒప్పుకుని సరిచేసుకోవడం అక్కడొక రకం, ఇక్కడొక రకం కాకుండా చూడండి.

సెలవుల తర్వాత

దసరా తర్వాత, క్రిస్మస్ తర్వాత, సంక్రాంతి తర్వాత అన్నీ మరిచిపోయి వస్తారు. కోప్పడకుండా ఒక పూట మళ్లీ జూన్‌లోలాగే గుమ్మం దగ్గర నుంచి మొదలుపెట్టండి. మార్చిలో ఒంటిపూట బడులు పెట్టినప్పుడు మాత్రం వరుసే మారుతుంది. క్యారియర్ ఉండదు, చిన్న స్నాక్స్ డబ్బా ఉంటుంది. ఇంటికి వదిలేది ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు కాబట్టి వదిలే వరుస కొత్తగా నేర్పాలి: ముందు ఆటో పిల్లలు, తర్వాత వ్యాను పిల్లలు, పెద్దవాళ్లు రావలసిన పిల్లలు వరండా నీడలో, బ్యాగు వీపున, సీసా నింపుకుని. డైరీలో కొత్త టైము మూడు రోజుల ముందే రాయించండి, ఆటో డ్రైవరుకు కూడా మీరే ఒకసారి చెప్పండి.