మైక్ శబ్దం చీలిపోతోందా? నాకు పనిచేసింది ఇదీ

మా భజన బృందానిది చిన్న అనలాగ్ మిక్సర్. ఎవరైనా గొంతెత్తి పాడితే ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే జారుడు మీట) బాగా కిందికి ఉన్నా శబ్దం చీలిపోయేది, మెల్లగా పాడేవాళ్లకోసం పైకి తోస్తే వెనక సుయ్‌మనే హిస్. మైకు, కేబుల్, స్పీకర్ అన్నీ మార్చి చూశాం, ఈక్యూ (బేస్, ట్రెబుల్ సర్దే నాబ్‌లు) తిప్పాం, తేడా లేదు.

అసలు సంగతి ఛానెల్ (మిక్సర్‌లో ఒక్కో మైకుకు ఉండే వరుస) పైన ఉండే గెయిన్ నాబ్‌లో ఉంది. మైకు సిగ్నల్‌ను ప్రీఆంప్‌లో (మిక్సర్ లోపలి మొదటి ఆంప్లిఫయర్) పెంచేది అదే, అక్కడే చీలిపోయిన శబ్దాన్ని కింద ఉన్న ఫేడర్ తగ్గించగలదు గానీ బాగుచేయలేదు. అందుకని ముందు ఫేడర్ పూర్తిగా దించి, గెయిన్ కనిష్ఠానికి తెచ్చి, ఈక్యూ నాబ్‌లన్నీ మధ్యలో పెట్టాను. తర్వాత పీఎఫ్ఎల్ (ఫేడర్ దించి ఉన్నా ఆ ఛానెల్ స్థాయిని మీటర్‌లో చూపే బటన్) నొక్కి, గాయకుణ్ణి నిజంగా పాడేంత గట్టిగా పాడమని (ఉత్త హలో హలో చాలదు), మీటర్ 0 దగ్గర ఆడేదాకా గెయిన్ మెల్లగా పెంచాను. పీక్ లైటు వెలిగితే కాస్త వెనక్కి. అప్పుడు పీఎఫ్ఎల్ తీసేసి, ఛానెల్ ఫేడర్ 0 గుర్తు దగ్గర ఉంచి, హాలుకు సరిపడా మెయిన్ ఫేడర్ ఎత్తాను. చీలడం పోయింది, హిస్ బాగా తగ్గింది.

అందరికీ ఇదే కుదురుతుందని చెప్పలేను. డిజిటల్ మిక్సర్లలో 0 అంటే ఆఖరి హద్దు, అక్కడ సగటున -18 డెసిబెల్స్ చుట్టూ ఉంచడం మామూలు. ఇంకోటి, కార్యక్రమం మధ్యలో గెయిన్ కదిపితే మానిటర్ (పాడేవాళ్లు తమ పాట వినే స్పీకర్) శబ్దం కూడా మారిపోతుంది, కాబట్టి ఇదంతా ముందే చేసుకోండి.