పోస్ట్‌గ్రెస్‌కు బ్యాకప్, మానిటరింగ్ సాధనాలను ఎంచుకోవడం ఎలా?

బ్యాకప్ సాధనాలను పోల్చి చూడటానికి ముందే డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ తన సంస్థ బాధ్యుల నుంచి రెండు అంకెలు రాతపూర్వకంగా తీసుకోవాలి. ప్రమాదం జరిగితే ఎంతసేపటి డేటా పోయినా సంస్థ తట్టుకోగలదన్నది మొదటిది. డేటాబేస్ ఎన్ని గంటల్లో మళ్లీ పనిలోకి రావాలన్నది రెండవది. వృత్తిలో వీటిని ఆర్‌పీఓ, ఆర్‌టీఓ అంటారు. ఇవి తేలకుండా ఎంచుకున్న సాధనం పేరు చూసి తెచ్చుకున్నదే తప్ప అవసరాన్ని బట్టి తెచ్చుకున్నది కాదు. ఇక్కడ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్ వాడేవారికి పేర్లు మారతాయి కానీ అడగవలసిన ప్రశ్నలు ఇవే.

చాలా చిన్న సంస్థల్లో నిర్ణీత వేళకు పనులు నడిపే క్రాన్ ద్వారా రాత్రి ఒంటిగంటకు నడిచే పీజీ_డంప్ (డేటాను ఫైలులోకి దించే ఆదేశం) ఒక్కటే బ్యాకప్. మరునాటి రాత్రి ఎనిమిదింటికి డిస్క్ పాడైతే 19 గంటల లావాదేవీలు పోయినట్టే. పైగా డంప్ నుంచి తిరిగి ఎక్కించేటప్పుడు ప్రతి ఇండెక్స్‌నూ మొదటి నుంచి కట్టుకోవాలి కనుక పెద్ద డేటాబేస్‌లో ఆ పని గంటల తరబడి సాగుతుంది. రోల్స్ (వినియోగదారుల ఖాతాలు), పాస్‌వర్డులు అందులో ఉండవు, వాటిని పీజీ_డంప్‌ఆల్‌తో విడిగా తీయాలి. ఒక టేబుల్‌ను మరో చోటికి తరలించడానికో, పాత వెర్షన్ నుంచి కొత్తదానికి మారడానికో పీజీ_డంప్ ఎంతో ఉపయోగపడుతుంది. అయితే అసలు బ్యాకప్‌గా దానిమీదే ఆధారపడకూడదు.

సంస్థ రోజువారీ పని నడిచే సర్వర్‌కు కావలసింది డేటా ఫైళ్ల భౌతిక బ్యాకప్, దానికి తోడుగా ఎడతెగకుండా ఆర్కైవ్ అయ్యే వాల్ ఫైళ్లు, అంటే ప్రతి మార్పునూ వరుసగా నమోదు చేసే ఫైళ్లు. ఈ రెండూ ఉంటే ఎవరైనా పొరపాటున టేబుల్ తుడిచేసినా, ఆ క్షణానికి ముందరి స్థితికి డేటాబేస్‌ను తీసుకురావచ్చు. ఇక్కడ ఒక చిన్న విషయం చాలామంది దృష్టిని తప్పించుకుంటుంది. వాల్ ఫైలు పరిమాణం సాధారణంగా 16 ఎంబీ, అది నిండితేనే ఆర్కైవ్‌కు వెళ్తుంది. లావాదేవీలు పలుచగా ఉండే డేటాబేస్‌లో అది నిండటానికి గంటలు పట్టవచ్చు, ఆలోగా సర్వర్ పోతే ఆ గంటల పనీ పోతుంది. అందుకే ఫైలు నిండకపోయినా గడువు తీరగానే దాన్ని ఆర్కైవ్‌కు పంపించే ఆర్కైవ్_టైమవుట్ సెట్టింగును ఒక నిమిషం దగ్గర పెట్టుకోవడం మంచిది.

ఈ పని చేసే సాధనాల్లో పీజీబ్యాక్‌రెస్ట్, బార్మన్, వాల్-జీ ముఖ్యమైనవి. వందల జీబీలు దాటిన డేటాబేస్ ఉన్నవారికి నేను మొదట చెప్పేది పీజీబ్యాక్‌రెస్ట్. అది అనేక ప్రాసెస్‌లతో ఏకకాలంలో నకలు తీస్తుంది, బ్యాకప్ తీస్తూనే పేజీల చెక్‌సమ్‌లను (డేటా చెడిపోలేదని తేల్చే అంకెలను) సరిచూస్తుంది, పునరుద్ధరణలో మారిన ఫైళ్లను మాత్రమే తిరిగి రాయగలదు. ఒకే చోటి నుంచి అనేక సర్వర్లను చూసుకోవాలనుకునే బృందానికి బార్మన్ అనుకూలం. అది పీజీ_రిసీవ్‌వాల్ ద్వారా వాల్‌ను ప్రవాహంగా అందుకోగలదు కనుక 16 ఎంబీ నిండేదాకా ఆగనక్కరలేదు, దాన్ని సింక్రనస్‌గా, అంటే వాల్ అటు చేరాకే లావాదేవీ పూర్తయ్యేలా అమర్చుకుంటే నష్టాన్ని సున్నాకు తేవచ్చు. క్లౌడ్ ఆబ్జెక్ట్ స్టోరేజీలోనే అంతా దాచుకునేవారికి వాల్-జీ తేలిక. 2024లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 17 నుంచి దానితోనే వచ్చే పీజీ_బేస్‌బ్యాకప్ కూడా ఇంక్రిమెంటల్ బ్యాకప్ (గత బ్యాకప్ తర్వాత మారినది మాత్రమే) తీస్తోంది. అయితే పాతవాటిని ఎప్పుడు తొలగించాలి, గొలుసులో ఏది దేనికి ఆధారం అన్న లెక్కంతా మీరే రాసుకోవాలి. ఆ లెక్కను సొంత స్క్రిప్టులకు వదిలేయడం నాకు సమ్మతం కాదు.

ఇక మానిటరింగ్. దీన్ని బ్యాకప్ నుంచి విడదీసి, వేరే జట్టు చేత వేరేగా ఎంపిక చేయించే సంస్థలు ఉన్నాయి. అది ఎందుకు ప్రమాదకరమో పోస్ట్‌గ్రెస్ పనితీరులోనే కనిపిస్తుంది. ఆర్కైవ్ ఆదేశం విఫలమైతే పోస్ట్‌గ్రెస్ ఆ వాల్ ఫైళ్లను తొలగించకుండా పీజీ_వాల్ డైరెక్టరీలోనే పేర్చుకుంటూ పోతుంది. డిస్క్ నిండిన నాడు డేటాబేస్ పూర్తిగా ఆగిపోతుంది. అంటే గమనించని బ్యాకప్ వైఫల్యమే సర్వర్ వైఫల్యంగా మారుతుంది. నకలు సర్వర్ (రెప్లికా) చదివేదాకా వాల్‌ను ఆపి ఉంచే రెప్లికేషన్ స్లాట్‌ను ఎవరూ చదవకపోతే అదీ ఇదే పని చేస్తుంది, ఎందుకంటే మాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ అనే సెట్టింగుకు మనం హద్దు పెట్టకపోతే సహజంగా దానికి హద్దు లేదు.

2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్‌ను నిలువచేసే సేవ గిట్‌ల్యాబ్‌లో జరిగినది ఈ సందర్భంలో తప్పక తెలుసుకోవలసిన ఉదంతం. రెప్లికేషన్‌ను సరిచేసే ప్రయత్నంలో ఒక ఇంజనీరు రెప్లికాలో తుడవవలసిన డైరెక్టరీని ప్రధాన సర్వర్‌లో తుడిచారు. దాదాపు 300 జీబీ డేటా పోయింది. బ్యాకప్ కోసం వెతికితే అది ఖాళీగా ఉంది. సర్వర్ 9.6 వెర్షన్ అయితే నడుస్తున్న పీజీ_డంప్ 9.2ది కావడంతో అది విఫలమవుతూ వచ్చింది. ఆ వైఫల్యాన్ని తెలిపే ఈమెయిళ్లను, పంపినవారు అసలువారేనా అని తేల్చే డీమార్క్ నిబంధన కారణంగా మెయిల్ సర్వర్ తిరస్కరించింది. చివరికి వేరే అవసరం కోసం సుమారు ఆరు గంటల ముందు చేత్తో తీసిన ఎల్‌వీఎమ్ స్నాప్‌షాటే (డిస్క్ ఆ క్షణపు స్థితి నకలే) ఆదుకుంది. గిట్‌ల్యాబ్ ఈ వివరాలన్నీ దాచకుండా ప్రకటించడం వల్లనే మిగతా ప్రపంచం నేర్చుకోగలిగింది.

అక్కడ అలర్ట్ ఉంది, కానీ అది వైఫల్యం మీద పెట్టిన అలర్ట్. విఫలమైన పని తన వైఫల్యాన్ని తానే చెప్పగలదన్న భరోసా లేదు. కాబట్టి ‘చివరిసారి బ్యాకప్ విజయవంతమై ఎంతసేపైంది’ అన్న వయసు మీద అలర్ట్ పెట్టాలి. రోజువారీ బ్యాకప్‌కు 26 గంటలు దాటితే మోగేలా ఉంచితే సరిపోతుంది. మీరు ఎంచుకునే మానిటరింగ్ సాధనం ఈ వయసును కొలవగలదా, కొలత అసలే రాకపోతే దాన్ని కూడా ప్రమాదంగా గుర్తించగలదా అన్నవి తొలి ప్రశ్నలుగా ఉండాలి. ప్రొమీథియస్ అనే మానిటరింగ్ సాధనంలో ఆబ్సెంట్ అనే ఫంక్షన్, జాబిక్స్ అనే మరోదానిలో నోడేటా ఇందుకే ఉన్నాయి.

ఆర్కైవ్ స్థితి పీజీ_స్టాట్_ఆర్కైవర్ అనే వ్యూలో దొరుకుతుంది. అందులోని ఫెయిల్డ్_కౌంట్ పోగవుతూ వచ్చే అంకె కనుక నెలల క్రితపు చిన్న అంతరాయాన్ని కూడా మోస్తూ ఉంటుంది. చివరి ఆర్కైవ్ సమయాన్ని ఒక్కదాన్నే చూసినా పొరబడతాం, ఎందుకంటే ఏ మార్పూ లేని డేటాబేస్‌లో ఆర్కైవ్ కావలసిన ఫైలే ఉండదు. చివరి వైఫల్యం చివరి విజయం కంటే తర్వాత జరిగిందా అని పోల్చితేనే నిజం తెలుస్తుంది.

ప్రొమీథియస్, దానికి కొలతలు అందించే పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌పోర్టర్, వాటిని గ్రాఫులుగా చూపే గ్రఫానా కలిపి వాడుకోవాలా, జాబిక్స్ వాడుకోవాలా అన్న చర్చ మీద ఎక్కువ సమయం పెట్టనవసరం లేదు. సంస్థలో రాత్రిపూట డ్యూటీలో ఉన్నవారు ఇప్పటికే దేన్ని చూస్తున్నారో దానిలోనే డేటాబేస్‌ను చేర్చండి. ప్రొమీథియస్ తనంతట తానుగా 15 రోజుల కొలతలనే నిలుపుతుంది కాబట్టి, ఈ నెలాఖరు భారాన్ని గత నెలాఖరుతో పోల్చాలంటే ఆ గడువు పెంచుకోవాలి. ఏ మానిటరింగ్ సాధనానికీ సూపర్‌యూజర్ హక్కు ఇవ్వకండి, వెర్షన్ 10 నుంచి ఉన్న పీజీ_మానిటర్ రోల్ చాలు. క్వెరీల తీరు తెలియడానికి పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్‌ను తప్పక చేర్చుకోవాలి. డేటాబేస్‌లోని అత్యంత పాత ట్రాన్సాక్షన్ ఐడీ వయసు మీద కూడా కన్ను ఉండాలి, ఎందుకంటే అది 200 కోట్ల దరిదాపులకు చేరితే పోస్ట్‌గ్రెస్ కొత్త రాతలను నిరాకరిస్తుంది.

నిర్ణయానికి ముందు ప్రతి సాధనాన్నీ పునరుద్ధరణతోనే పరీక్షించాలి. మీ అసలు డేటా అంత పరిమాణమున్న నకలు సర్వర్‌లో ఒక టేబుల్‌లో సమయాన్ని నమోదు చేసి, తర్వాత ఆ టేబుల్‌ను తొలగించి, తొలగింపుకు ఒక నిమిషం ముందరి స్థితికి మరో యంత్రం మీద తిరిగి తెప్పించండి. గడియారం పెట్టి కొలవండి. సెకనుకు 200 ఎంబీ వేగంతో ఒక టీబీ నకలు కావడానికే 83 నిమిషాలు పడుతుంది. ఆపైన వాల్‌లోని మార్పులను వరుసగా ఒకే ప్రాసెస్ తిరిగి అమలు చేస్తుంది కనుక, వారానికొకసారే బ్యాకప్ తీసేచోట ఆ రెండో దశ మొదటిదాని కంటే ఎక్కువసేపు సాగవచ్చు. ఈ పరీక్షను ఆ సాధనాన్ని అమర్చిన వ్యక్తి చేత కాకుండా, రాసిపెట్టిన సూచనలు చూసి జట్టులో కొత్తగా చేరిన వారి చేత చేయించండి. వారు ఎక్కడ ఆగిపోయారో అక్కడ సూచన సరిగా లేదని అర్థం.

బ్యాకప్ నిలువ ఉండే చోటు డేటాబేస్ ఉన్న యంత్రమూ కాకూడదు, ఆ యంత్రపు పాస్‌వర్డుతో తుడిచేయగలిగే చోటూ కాకూడదు. నిర్ణీత గడువు దాకా ఎవరూ తొలగించలేని ఆబ్జెక్ట్ లాక్ వంటి సౌకర్యాన్ని వాడుకోండి. ఎన్‌క్రిప్షన్ కీని సర్వర్ బయట రెండు చోట్ల భద్రపరచండి, అది పోతే బ్యాకప్ ఉన్నా లేనట్టే. చెల్లింపుల డేటా దేశంలోనే ఉండాలని రిజర్వ్ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది కనుక, ఆ రంగంలో ఉన్నవారు రెండవ నకలును కూడా ఇక్కడే పెట్టాలి. అమెజాన్ క్లౌడ్‌కు ముంబైతో పాటు 2022 నవంబరు నుంచి హైదరాబాద్ రీజియన్ కూడా ఉండటంతో ఇది కష్టమేమీ కాదు. వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు నిలపాలన్న సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాన్ని కూడా నిలువ లెక్కలో కలుపుకోండి.

పోస్ట్‌గ్రెస్ ప్రధాన వెర్షన్ మార్చిన రోజున మాత్రం పాత బ్యాకప్ గొలుసు తెగిపోతుందని గుర్తుంచుకోవాలి. పాత వెర్షన్ బ్యాకప్ మీద కొత్త వెర్షన్ వాల్ పనిచేయదు. పీజీబ్యాక్‌రెస్ట్ అయితే స్టాంజా-అప్‌గ్రేడ్ అనే ఆదేశం నడిపి వెంటనే కొత్త ఫుల్ బ్యాకప్ తీయండి. అది పూర్తయి, వేరే యంత్రం మీద ఒకసారి లేచి నిలబడే వరకు పాత సర్వర్‌ను తొలగించకండి.